కానుగపుల్ల

సంధ్య తలుపు తీయలేదు.

పొద్దున ఏడింటికి కుట్టుమెషీను గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. బడికి పోలేదు, ఉప్పిట్టు ముట్టలేదు, పలకలేదు. నేత్రావతి రెండుసార్లు తలుపు కొట్టి, మూడోసారి కొట్టబోయి ఆయాసం వచ్చి గడప పక్కనే చతికిలబడింది. గుండెలో వాల్వు పాడైన మనిషి దేన్నీ గట్టిగా కొట్టకూడదు, తలుపునైనా పిల్లనైనా.

తప్పు తనదే. దస్తావేజుల రైటరు మస్తాన్ కన్నడంలో రాసిచ్చిన వీలునామా చిత్తుకాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, మెషీను సొరుగులో దారపు కండెల కింద దాచింది. తనకు కన్నడం కూడబలుక్కుంటే గాని రాదు. కరెంటు బిల్లు మొదలుకొని ఆస్పత్రి చీటీ దాకా ఆ ఇంటికి వచ్చే ప్రతి కాగితాన్నీ చదివి చెప్పేది పన్నెండేళ్ళ సంధ్యే. అమ్మ చదవమని చేతికివ్వని మొదటి కాగితం ఇదే కాబట్టి, పిల్ల వెతికి మరీ చదివింది.

"సంధ్యా, తలుపు తీయి తల్లీ. దోసె పోసిస్తా."

లోపల మెషీను చక్రం ఒకసారి తిరిగి ఆగింది. అంతే.

బయట మోపెడ్ ఆగింది. అన్న శ్రీనివాసప్ప. కాడుగోడి సంతలో ఉల్లిగడ్డల మండీ ఆయనది. తెల్లారి నాలుగింటికి లోడు దింపించి, అమ్మకం మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా చెల్లెలింట్లో కాఫీకి హాజరు. పదకొండేళ్ళుగా ఆ కాఫీ తప్పలేదు.

"ఏమప్పా ఇది, నీ ఇంట్లో నువ్వే ధర్నాకు కూర్చున్నావు?"

"బిడ్డ కాగితం చదివేసిండాది న్నా."

"ఏం కాగితం?"

"ఇంకేం కాగితం. నేను పోయినాక తీసి చదవాల్సింది, ముందే చదివేసిండాది."

శ్రీనివాసప్ప చెప్పులు విడిచి లోపలికొచ్చి తలుపు వైపు చూశాడు. ఓదార్పు మాటేదో చెప్తాడనుకుంది నేత్రావతి. ఆయన గొంతు తగ్గించి తన బాధ మొదలుపెట్టాడు.

"నేనూ మస్తాన్ దగ్గర విన్నాలే. ఇల్లు ఇద్దరు బిడ్డలకీ సమానం అని రాయించినావంట."

"అవును."

"హరికి యాల? వాడు వాళ్ళింటి బిడ్డ. అత్తిబెలెలో వాళ్ళకి భూముండాది. మగబిడ్డ వాళ్ళకి, ఆడబిడ్డ మనకి అని ఆ పొద్దు పంచాయితీలోనే తేలిపోయె."

"పంచినోళ్ళు పంచుకున్నారు. కన్నది నేను కదన్నా."

"కన్నావు. పదకొండేండ్లలో వాడు నీ గడప తొక్కినాడా?"

"ఏటేటా జాతరలో కనపడతాడు. కాళ్ళకు మొక్కుతాడు. పోయిన సారి మీసాలొచ్చినాయి వాడికి." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "వాడు గడప తొక్కలేదని నేను తల్లిని కాకుండా పోతానా?"

ఇల్లంటే రేకుల మూడు గదులు, పక్కన అద్దెకిచ్చిన రెండు గదులు. జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి, చీటీలు పాడి కట్టుకున్నది. అప్పట్లో ఆ పక్కకు నక్కలు తప్ప ఎవరూ వచ్చేవారు కారు. ఇప్పుడు ఐటీ పార్కు పుణ్యమా అని వారానికొక బ్రోకరు వచ్చి కాఫీ తాగి పోతున్నాడు. ఇంటికి విలువ వచ్చిన ఏడాదే మనిషి గుండెకు చెడుగాలం వచ్చింది.

అప్పుడు తలుపు వెనక నుంచి మాట వినిపించింది.

"మామా."

ఇద్దరూ అటు తిరిగారు.

"ఇల్లు హరన్నకీ నాకీ రాసిండాది. నన్ను ఎవరికి రాసిండాదో అడుగు."

నేత్రావతి గడప పట్టుకుని లేచి నిలబడింది.

"నా పేరు పక్కన చుక్కలుండాయి. 'మైనరు కూతురు సంధ్యను' అని రాసి చుక్కలు పెట్టినారు. పద్నాలుగు చుక్కలు. తర్వాత 'గారి సంరక్షణలో ఉంచవలెను' అని ఉండాది. ఆ చుక్కల్లో ఎవరు?"

"నేనే కదమ్మా," అన్నాడు శ్రీనివాసప్ప. "మామ ఉండంగా ఇంకెవరు?"

"మరి నీ పేరెందుకు రాయలేదు?"

ఎందుకు రాయలేదో నేత్రావతికే సరిగ్గా తెలియదు. ఆ చోటికి వచ్చేసరికి మస్తాన్ పెన్ను ఆపి, "ఇది కొంచెం చిక్కుండే విషయం అక్కా, సోమారం నీ పాత కాగితాలన్నీ పట్టుకుని రా," అన్నాడు. ఈ రోజే సోమవారం. గురువారం ఆస్పత్రిలో చేరాలి, శనివారం ఆపరేషను. నూటికి తొంభై మంది బాగయి ఇంటికొస్తారని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. మిగతా పది మంది సంగతి నవ్వులోనే మింగేసింది. ఆ రోజు నుంచి నేత్రావతికి ఆ పది మందే కళ్ళముందు తిరుగుతున్నారు.

"నువ్వూ రా సంధ్యా," అంది చివరికి. "మస్తాన్ దగ్గరికి పోతాము. ఆ చుక్కల్లో పేరు నీ ముందరే రాయిస్తా."

చాలాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడయింది. పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో కాగితం నాలుగు మడతలుగా ఉంది.

"ఉప్పిట్టు చల్లారిపోయినా పరవాలేదు, పెట్టు," అంది.

*

రిజిస్టరాఫీసు ఎదురుగా నీలం టార్పాలిన్ కింద మస్తాన్ బల్ల. బల్ల మీద టైపుమిషను, దాని మీద పూలగుడ్డ. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మంది ఆస్తులు ఆ గుడ్డ కిందనుంచే చేతులు మారాయి. మనిషి మెత్తనివాడు, మాట మాత్రం కత్తిరించినట్టు ఉంటుంది.

"వీలునామాకి స్టాంపు కాగితం గూడా అక్కర్లే అక్కా. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు. ఇల్లు నీ కష్టం, నీ ఇష్టమొచ్చినోళ్ళకి రాస్కో. ఎవడూ అడగలేడు. చిక్కంతా ఈ పాపతోనే."

"పాపకేమి? మా అన్న పేరు రాయి."

"రాస్తా. ఒక నిమిషంలో రాస్తా. కానీ తండ్రి బతికుండాడు కదా. తల్లి పోతే మైనరు బిడ్డ తండ్రికే. ఇంటిని చూసుకునేదానికి మీ అన్నను పెట్టచ్చు. బిడ్డని రాసేదానికి లేదు. ఆయన కోర్టుకు పోయి నా బిడ్డ అంటే, ఈ చుక్కల్లో ఏ పేరుండినా గాలికి పోతాది."

"ఆయనకేం హక్కు సాబ్? విడిపోయి పదకొండేండ్లాయె."

"డైవోర్సు కాగితం ఉండాదా?"

నేత్రావతి ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. మస్తాన్ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే తిప్పాడు.

"సైటు కొన్న పత్రం. తొంభై ఆరు. 'మునీంద్ర భార్య నేత్రావతి.' రేషన్ కార్డు. మునీంద్ర భార్య. ఇంటి ఖాతా కాగితం. మునీంద్ర భార్య. ఆస్పత్రిది..." ఆగి ఆమె వైపు చూశాడు. "పోయిన వారం రాయించింది. దీంట్లోనూ భార్యే."

"మగని పేరేమని అడుగుతారు సాబ్. చెప్పకుంటే కాగితం ముందుకు పోదు. చెప్పినా."

"విడిపోయినాక గూడానా?"

"ఇంకేం పేరుండాది నాకు చెప్పేదానికి?"

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది. అడిగాక తనకే అయోమయంగా అనిపించింది. ఆయన్ని వద్దనుకుని పుట్టింటికి వచ్చి, ఆయన రూపాయి ముట్టకుండా ఇల్లు కట్టి, ఆ ఇంటి పత్రంలో ఆయన పేరు పక్కనే తన పేరు రాయించుకుంది. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, పోయిన ప్రతి ఆఫీసుకూ ఆ పేరును వెంటబెట్టుకునే పోయింది.

"మాది కోర్టులో కాలేదు సాబ్," అంది. "మా జనంలో కట్టుబాటుండాది. కులపెద్ద ముందర పుల్ల విరిచినారు."

"తెలుసక్కా. మీ జనం పుల్లల కథలు ఈ బల్ల దగ్గర నాలుగైదు చూసినా." మస్తాన్ టైపుమిషను మీది గుడ్డ తీశాడు. "కులాచారమని కోర్టులు గూడా ఒక్కోసారి ఒప్పుకుంటాయి, రుజువుంటే. ఆ పంచాయితీ చేసిన పెద్దమనిషి బతికుండాడా? 'నా ముందర పుల్ల విరిగింది, తండ్రి ఆడబిడ్డను వదులుకున్నాడు' అని ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు. దాన్ని వీలునామాకి కుట్టేస్తాము. మీ అన్న పేరుకు బలం వస్తాది. నేను వకీలు కాదు, రాసేవాణ్ణి. చూసింది చెప్తా ఉండా."

"పెద్దమునియప్ప మామ. అత్తిబెలె పక్కన ఊర్లో ఉండాడు. మునీంద్రకు పెద్దనాయన."

"యాడ ఉండాడు," అన్నాడు శ్రీనివాసప్ప ఉన్నట్టుండి. "ఆ ముసలాయన ఎప్పుడో పోయింటాడు."

నేత్రావతి అన్న వైపు తిరిగింది. "మొన్న జాతరలో నీ పక్కనే కూర్చుని కారం బొరుగులు తింటిరి కదన్నా."

"ఎనభై దాటిన మనిషి. ఏం జ్ఞాపకముంటాది. ఇంత దూరం నువ్వు బస్సుల్లో తిరగకూడదు. డాక్టరు ఏం చెప్పింది?"

"డాక్టరు శనివారం సంగతి చెప్పింది. నేను శనివారం తర్వాత సంగతి చూసుకోవల్ల."

"ఊరికే నా పేరు రాసెయ్యి మస్తాన్. ఏమైనా వస్తే నేను చూసుకుంటా."

మస్తాన్ ఇద్దరినీ చూసి, టైపుమిషను మీద గుడ్డ మళ్ళీ కప్పాడు. ఆయన అనుభవంలో ఒక మనిషి తొందరపడుతుంటే కాగితం ఆపడమే మంచిది.

"సాయంత్రం ఆరు దాకా ఉంటా అక్కా," అన్నాడు.

*

వర్తూరు మీదుగా సర్జాపురకు ఒక బస్సు, అక్కణ్ణుంచి అత్తిబెలెకు ఇంకొకటి. శ్రీనివాసప్ప రానంటూనే ఎక్కాడు. ఎక్కి వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, రెండు బస్సుల్లోనూ ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లెలికి సీటు పట్టాడు, పిల్లకు వేరుసెనక్కాయల పొట్లం కొనిచ్చాడు, మళ్ళీ వెనక్కి పోయాడు.

అన్న సిగ్గుపడుతున్నాడా, భయపడుతున్నాడా, తన ఆరోగ్యం చూసి దిగులుపడుతున్నాడా? నేత్రావతికి అంతుపట్టలేదు.

"పుల్ల విరిచేదంటే ఏమ్మా?" అని అడిగింది సంధ్య.

"మా జనంలో మొగుడూ పెండ్లాం విడిపోవాలంటే ఎండుపుల్ల ఒకటి తెస్తారు. ఆడపిల్ల అన్న తేవల్ల. ఒక కొన మొగుడు పట్టుకుంటాడు, ఇంకో కొన ఆడపిల్ల తరఫున అన్న పట్టుకుంటాడు. కులపెద్ద విరవండి అంటాడు. విరిగితే అయిపోయినట్టే. ఇంక ఆ ఇంటికీ ఈ ఇంటికీ సంబంధముండదు."

"నువ్వు చూసినావా?"

"లేదు. ఆడోళ్ళు లోపల ఉండల్ల. నిన్ను ఒళ్ళో పెట్టుకుని లోపల గోడకానుకుని కూర్చున్నా. నీకు పదినెల్లు. జొరం. బయట ఒకటే వాన. మీ మామ లోపలికొచ్చి, అయిపోయింది లే పోదాం అన్నాడు."

ఆ రోజు తనకు దుఃఖం రాలేదు. మునీంద్ర లారీ డ్రైవరు. హోసూరులో ఇంకో ఇల్లు పెట్టి, అడిగితే 'అవును, పెట్టినా' అని అన్నం కలుపుకుంటూ చెప్పిన మనిషి. అబద్ధమైనా చెప్పి ఉంటే ఇంకో ఏడాది ఓర్చుకునేదేమో. నాలుగేళ్ళ హరి తండ్రి భుజమెక్కి కూర్చుని ఉన్నాడు, తను బయటికొస్తుంటే చెయ్యి ఊపాడు. ఊరికి పోతోందనుకున్నాడు పాపం. దుఃఖం బస్సెక్కాక వచ్చింది.

"నన్ను వదులుకుంటానని ఆయన చెప్పినాడా?"

"మీ మామ చెప్పినాడు, ఆయన చెప్పినాడని."

సంధ్య ఒక వేరుసెనక్కాయ ఒలిచి తల్లి చేతిలో పెట్టింది. ఇంకేమీ అడగలేదు.

*

"కోడలొచ్చిండాది, మజ్జిగ తెండి," అన్నాడు పెద్దమునియప్ప లోపలికి కేకేసి.

నేత్రావతి అరుగు మీద కూర్చుంటూ సరిదిద్దింది. "ఇంకా కోడలేంది మామా. నీ చేతులతోనే తెగ్గొడితివి కదా."

ముసలాయన నవ్వాడు. సంధ్యను దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుని చూసి, "అచ్చం మునీంద్ర ముక్కు," అన్నాడు. మజ్జిగ వచ్చింది. శ్రీనివాసప్ప అరుగెక్కకుండా పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

నేత్రావతి వచ్చిన పని చెప్పింది. గుండె సంగతి, గురువారం, వీలునామా, పద్నాలుగు చుక్కలు, వేలిముద్ర, అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యేసరికి రొప్పు వచ్చింది.

ముసలాయన ఆమెను దాటి పందిరి వైపు చూశాడు.

"నువ్వు చెప్పలేదా శ్రీనివాసప్పా?"

శ్రీనివాసప్ప తల దించుకున్నాడు.

"ఏమి చెప్పాల?" అంది నేత్రావతి. "ఏమి చెప్పాలన్నా?"

పెద్దమునియప్ప గోడకు చేరేసిన ముక్కాలిపీటను సంధ్యకు చూపించాడు. "అది ఎక్కి, దూలం సందులో చెయ్యి పెట్టు తల్లీ. గుడ్డమూట ఒకటుండాది, తియ్యి. నా చెయ్యి ఇప్పుడు అంతెత్తు పోదు."

సంధ్య ఎక్కి తీసింది. పసుపుగుడ్డ. మసి పట్టి నల్లబడింది. విప్పితే లోపల జానెడు కానుగపుల్ల. మధ్యలో వంగి ఉంది. వంగిన చోట ఒక పక్క చీలి, ఇంకో పక్క బెరడు పట్టుకునే ఉంది.

"ఏంది తాతా ఇది?"

"మీ అమ్మానాయన పెండ్లి."

నేత్రావతి చూస్తూ ఉండిపోయింది. చూసింది కళ్ళకు తెలుస్తూనే ఉంది, మనసు మాత్రం దాన్ని లోపలికి రానివ్వడంలేదు.

"ఎండుపుల్ల తేవల్ల," అన్నాడు ముసలాయన. "మీ అన్న పచ్చిది తెచ్చినాడు, చెట్టుమీంచి అప్పుడే తుంచుకుని. వానలో ఎండుపుల్ల యాడ దొరుకుతాదన్నాడు. ఇద్దరూ పట్టి వంచితే వంగింది గాని తెగలే. ఇది చెల్లదప్పా, ఇంకో దినం ఎండుది తీసుకుని రా అని చెప్పి పంపిస్తి. ఇంకో దినం ఎవురూ రాలే. తెగని పుల్లను పారేయకూడదు. దాచిపెడితి."

"పదకొండేండ్లు," అంది నేత్రావతి.

"మా ఊర్లో అందరికీ తెలుసమ్మా. నీకే తెలీదని మాకు తెలీదు. అందుకే కదా మునీంద్ర ఆ హోసూరు పిల్లకు ఈ పొద్దుకీ తాళి కట్టలేదు. పుల్ల తెగనిదే నేను ఒప్పుకోలే. ఆ పిల్లకు ఇద్దరు బిడ్డలు. జాతరలో దీపం ఎత్తుకోనీరు ఆమెను, కోడలు కాదని. దీపం నీది, నువ్వేమో ఎత్తుకునేదానికి రావు."

ఏటేటా జాతరకు పోయి, దూరంగా నిలబడి, హరిని చూసుకుని వచ్చేది తను. ఆ హోసూరామె కూడా ఎక్కడో దూరంగానే నిలబడి ఉంటుంది. ఆమెను తిట్టని రోజు లేదు ఇన్నేళ్ళలో. ఆమె ఇన్నేళ్ళూ తన కోసమే కాచుకుని ఉంది. ఇప్పుడు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నేత్రావతికి తెలియలేదు. చివరికి దగ్గర్లో ఉన్నవాడే దొరికాడు.

"వానలో దొరకలేదా న్నా, లేకుంటే తెలిసే తెచ్చినావా?"

శ్రీనివాసప్ప గుంజ వదల్లేదు.

"నిన్నే అడిగేది."

"తెలిసే తెచ్చినా."

అరుగు మీద కోడిపిల్లలు తిరుగుతున్నాయి. సంధ్య వాటిని చూస్తోంది, చెవులు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

"నీకప్పుడు పాతికేండ్లు," అన్నాడు శ్రీనివాసప్ప నెమ్మదిగా. "కోపంలో వచ్చినావు. కొడుకును వదిలిపెట్టి వచ్చినావు. కోపం పోతే కొడుకు కోసమైనా మళ్ళా పోతావనుకుంటి. పుల్ల విరిగితే దారి మూసుకుపోతాది. ఒక ఏడాది చూద్దామనుకుంటి, అంతే. ఏడాది పోయినాక చెప్పేదానికి నోరు రాలే. సైటు కొంటివి, ఇల్లు కడితివి. బాగుండాది కదా, యాల కదిలించేది అనుకుంటి."

"నాకు దారి పెట్టినావా?"

"అవును."

"నాకు చెప్పకుండానే పెట్టినావు. దారుండాదని తెలీనిదానికి దారెందుకన్నా?"

నేత్రావతికి ఆయన్ని కొట్టాలనిపించింది. వెంటనే, అన్న ఆ వానలో చెట్టు కింద నిలబడి పచ్చికొమ్మ వెతుక్కోవడం కళ్ళముందు మెదిలి ఏడవాలనిపించింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏమీ చేయలేడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు ఎండి పెళుసయింది," అన్నాడు పెద్దమునియప్ప. "ఇట్లంటే తెగుతాది. ఈసారి అన్న అక్కర్లే, నువ్వే పట్టుకో. నీకు కావాల్సిన కాగితం ఇక్కడే రాసిస్తా. మునీంద్రకు కబురు పోయిండాది, నువ్వు అరుగెక్కినప్పుడే."

*

మునీంద్ర బైకు దిగి, చెప్పులు విడిచి, పెద్దనాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తల సగం నెరిసింది. లారీ మానేసి చెక్‌పోస్టు దగ్గర టైర్ల అంగడి పెట్టాడని హరి చెప్పి ఉన్నాడు. గోళ్ళలో నల్లటి మురికి.

"ఆపరేషనంట," అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఊఁ."

"యాపొద్దు?"

"శనివారం."

"హరిని పంపిస్తా. రక్తం కావాలంటే ఇస్తాడు."

"పదహైదేండ్ల బిడ్డ రక్తం తీసుకోరు."

"ఓ," అన్నాడు. కాసేపాగి, పుల్ల చూసి అన్నాడు. "తెంచేద్దాం. నీకీ మంచిది, ఆమెకీ మంచిది. ఆడబిడ్డతో నాకు సంబంధం లేదని పెద్దనాయన రాయనీ. నేనూ సంతకం పెడతా. ఇంటి జోలికీ రాను. హరికి రాస్తే రాయి, లేకుంటే లేదు."

నేత్రావతి ఇంటినుంచి బయల్దేరింది దీనికే. పోరాడి, బతిమాలి తెచ్చుకోవాల్సినదంతా ఆయన అరిటాకులో వడ్డించినట్టు ఇచ్చేస్తున్నాడు. సంతోషం రావాలి. రాలేదు. ఆడబిడ్డతో సంబంధం లేదన్న మాటను పాలూ నీళ్ళూ అన్నంత తేలిగ్గా అన్నాడని, ఆ తేలిక ఎక్కడో గుచ్చుకుంది. ఒప్పుకోకపోతే శత్రువు, ఒప్పుకుంటే కఠినుడు. ఆ మనిషి ఏం చేస్తే తనకు బాగుంటుందో తనకే తెలియడంలేదు.

"సరే," అంది. "ఇయ్యండి."

ముసలాయన ఏదో మంత్రంలాంటిది గొణిగి పుల్లను మధ్యలో పట్టుకుని ముందుకు చాపాడు. మునీంద్ర ఒక కొన పట్టుకున్నాడు. నేత్రావతి రెండో కొన పట్టుకుంది. పుల్ల బరువు లేదు. బెరడు వేలి కింద గరగరమంది. పదకొండేళ్ళలో ఇద్దరి చేతుల మధ్య ఉన్న దూరం అదే మొదటిసారి జానెడయింది.

"ఒక్క మాట," అంది సంధ్య.

ఎవరూ పిల్లను చూడటంలేదు అప్పటిదాకా.

"తెగినాక, శనివారం అమ్మ లేవకుంటే నాకెవరుంటారు?"

"లేస్తాదమ్మా, అట్లనకూడదు," అన్నాడు శ్రీనివాసప్ప. "నేనుండాను కదా."

"నువ్వు చెప్పాల్సింది చెప్పవు మామా."

శ్రీనివాసప్ప మళ్ళీ గుంజ పట్టుకున్నాడు.

సంధ్య మునీంద్ర ముందుకు వచ్చి నిలబడింది. ఊహ తెలిశాక తండ్రిని ఇంత దగ్గరగా చూడటం ఆ పిల్లకు ఇదే. పరాయివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మీరు నాతో సంబంధం లేదని రాసిస్తామంటా ఉండారు. నేనేం చేసినా?"

మునీంద్ర చూపు పుల్ల మీదికి దించాడు.

"అమ్మ చుక్కలు పెట్టింది. మామ తన పేరన్నాడు. మీరు వద్దంటా ఉండారు. నన్ను ఎవురూ అడగలే." పుల్ల వైపు చూసింది. "అమ్మ ఇంటికొచ్చినాక తెంచుకోండి. రాకుంటే నేను అడిగేదానికి ఎవరో ఒకరు ఉండల్ల కదా."

"సంధ్యా," అంది నేత్రావతి. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. ఈ పిల్ల మునీంద్ర ఇంటికి పోకూడదనే తను ఇక్కడిదాకా వచ్చింది.

పిల్ల చెయ్యి చాపి, ముసలాయన వేళ్ళను మెల్లగా తప్పించి, పుల్ల వంగిన చోట తన పిడికిలి బిగించింది. గట్టిగా కాదు. గట్టిగా పట్టుకుంటే తెగుతుందని తెలిసినట్టు పట్టుకుంది.

మునీంద్ర తల ఎత్తి నేత్రావతిని చూశాడు. నేత్రావతీ ఆయన్ని చూసింది. ఇద్దరి వేళ్ళూ రెండు కొనల మీదే ఉన్నాయి. పుల్ల తెగాలంటే ముందు ఆ చెయ్యి తియ్యమని చెప్పాలి. అది చెప్పాల్సింది తల్లో, తండ్రో, ఇద్దరికీ తెలియలేదు.